మా టిక్కుల మిస్

మిస్ పోయారన్న సంగతి మాకు ఫోను కంటే ముందు ఒక పలక చెప్పింది. కోరమండల్‌లో పాత గని కార్మికుల ఇళ్ళ వరుసలో, లైను అంటాం ఇక్కడ, ఆమె ఇల్లు. ఇంటి ముందు గోడకు ఒక నల్ల పలక తగిలించి ఉండేది. రోజూ పొద్దున్నే, కాఫీ తాగకముందే, దాని మీద సుద్దముక్కతో ఒక అంకె రాసేవారు. పోయిన వారం ఒక రోజు పాలు పోసే ఆవిడ వెళ్ళేసరికి పలక మీద ముందురోజు అంకే ఉందట. ఆవిడకు చదువు రాదు. కానీ పలక తుడిచారో లేదో తెలియడానికి చదువెందుకు? తలుపు తోసి చూసింది. మిస్ నిద్రలోనే వెళ్ళిపోయారు. పాలావిడ క్యాను అక్కడే వదిలేసి మా అంగడికి పరుగెత్తుకొచ్చింది.

“అమ్మణ్ణీ, మిస్ పోయినారు. పలక తుడవకుండానే పోయినారు” అని గుమ్మంలో కూలబడింది.

నేను ఏడ్చాను. మా అత్త నాకంటే ఎక్కువ ఏడ్చింది. మిస్ దగ్గర చదువుకున్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు, ఈ నాలుగు మాటలు వాళ్ళు రాస్తే నాకంటే బాగా రాస్తారు. నేను ఆమె దగ్గర ఒక్క పాఠం కూడా చదవలేదు. ఆమెకు రాగిపిండీ బెల్లమూ అమ్మినదాన్ని. అయినా నేనే రాస్తానని పట్టుబట్టాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా కేజీఎఫ్‌లో, అదే కోలారు బంగారు గనుల ఊళ్ళో, టీచరును టీచరు అనరు, మిస్ అంటారు. బడి వదిలి పెళ్ళిళ్ళయి, మనవళ్ళు పుట్టినా మిస్ మిస్సే. మదనపల్లె నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన కొత్తలో, మీసాలు నెరిసిన మనిషి ఒకాయన సైకిలు దిగి “గుడ్ మార్నింగ్ మిస్” అని చేతులు కట్టుకుని నిలబడితే నాకు నవ్వాగలేదు. అలా నిలబెట్టిన మనిషి చూస్తే నా భుజం దాకా కూడా రారు. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో ప్లాస్టిక్ వైరు బుట్ట, ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు.

టేకల్ దగ్గర రాగులు పండించే ఇంట్లో పుట్టారు. ఇక్కడి హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పడానికి వచ్చారు. గనిలో కరెంటు పని చేసే ఆయన్ని పెళ్ళాడారు. పిల్లలు లేరు. ఆయన పోయారు, గనులు మూతపడ్డాయి, చుట్టుపక్కల ఇళ్ళు సగం ఖాళీ అయ్యాయి. టేకల్‌కు వచ్చేయమని అన్నదమ్ములు ఎంత పిలిచినా కదల్లేదు. “గనులు మూసినారు, ఊరును మూయలేదు కదప్పా” అనేవారు.

ఇక ఆ మిషను సంగతి. ఆమె రిటైరయినప్పుడు పాత స్టూడెంట్లంతా చేరి శాలువా కప్పి వెండి పళ్ళెం ఇద్దామనుకున్నారు. ఆ మాట ఎలాగో ముందే ఆమె చెవిన పడింది. “శాలువాలు పెట్టెనిండా ఉండాయి, అన్నీ పురుగులకే. వెండి పళ్ళెంలో నేనొక్కదాన్నే తినేది ఏముండాది? మీకు ఇవ్వాలని ఉంటే నాకొక గైగర్ కౌంటర్ తెప్పించండి” అని కబురు పెట్టారు. అదేమిటో సగం మందికి గుర్తు లేదు. తొమ్మిదో తరగతిలో చెప్పినాను కదా, మళ్ళీ రండి చెప్తాను అన్నారట. భయపడి వెంటనే తెప్పించారు.

సబ్బుపెట్టెకంటే కాస్త పెద్దదిగా, పసుపురంగులో ఉండే డబ్బా అది. మీట నొక్కితే టిక్, టిక్ అంటుంది. ఒక దానికీ ఇంకో దానికీ నడుమ వ్యవధి ఒక్కలా ఉండదు. రెండు వెంటవెంటనే వస్తాయి, తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు, మళ్ళీ ఒకటి. కాసేపు లెక్కపెట్టి తన మీదున్న చిన్న గాజు కిటికీలో ఒక అంకె చూపిస్తుంది. మన కంటికీ చెవికీ అందని రేడియేషన్ అనేది రాళ్ళలో, మట్టిలో, ఆకాశం నుంచి, ఆఖరికి మన ఒంట్లో నుంచి కూడా ఎప్పుడూ కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుందనీ, అది ఈ డబ్బాను తాకినప్పుడల్లా టిక్ అంటుందనీ నాకు అర్థమయ్యేలా ఆమే చెప్పారు. చెప్పేటప్పుడు నా చేతిలో తక్కెడ ఉంది, తూకానికి గిరాకీలు నిలబడి ఉన్నారు. ఆమెకు అవేమీ పట్టవు. గిరాకీలక్కూడా కలిపి చెప్పారు.

రోజూ ఒక దిక్కుకు నడిచేవారు. బ్యాంకు ముందు నల్లరాతి మెట్ల దగ్గర ఆగేవారు, మట్టిగోడల ఇంటి దగ్గర ఆగేవారు, బస్టాండులో ఆగేవారు. వైరు బుట్టలోంచి డబ్బా తీసి, నడుమెత్తున పట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. ఎవరైనా పలకరిస్తే వేలు పెదాల మీద పెట్టేవారు. మాటలు మిషనుకు అడ్డమా మిస్ అని నేనడిగితే, “దానికి కాదు, నాకు” అన్నారు.

రైలెక్కి మాలూరుకు పోయి ఇటుకబట్టీల దగ్గర కొలిచి వచ్చేవారు. పండక్కి టేకల్ పోతే ఇక చెప్పనక్కర్లేదు. అక్కడి గుట్టల మీద బండలు ఇక్కడి కంటే ఎక్కువ టిక్కులు కొడతాయట. పుట్టింటి నగలు చూపించుకున్నట్టు వచ్చి చెప్పేవారు. “మీరు ఊరికే కేజీఎఫ్, కేజీఎఫ్ అని ఎగురుతారు. మా టేకల్ బండ మీద కూచోని చూడండి, తెలుస్తాది!” గనిలోంచి తీసిన మట్టి కొండల్లా పేరుకున్న సైనైడ్ దిబ్బల దగ్గరకు కూడా డబ్బా పట్టుకుని పోయారు. ఆమె ఏం చెబుతారోనని ఊరంతా చెవులు రిక్కించింది. “నా డబ్బాకు దుమ్ము కనపడదప్పా. మీకు కనపడుతాది కదా? గాలి కొట్టినప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి” అన్నారు. మిషను చెప్పనిది మిషను పేరు పెట్టి చెప్పడం ఆమెకు తెలియదు.

పలక మీద రాసే అంకె మన కోరమండల్ లైనులో ఆ పొద్దున ఎంత ఉందన్నది. మొదట్లో అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు. బజారులో నగల అంగడి ఆయన తన పలక మీద బంగారం రేటు రాస్తూ, “మిస్, నాది పెరిగింది, మీది?” అని అరిచేవాడు. “నాది నమ్మకమైన సరుకు సేట్, ఎప్పుడూ పెద్దగా ఎగరదు” అని ఈమె గొడుగు ఊపేవారు. కొందరు మహానుభావులు ఆ అంకె చూసి లాటరీ టికెట్లు కొన్నారు. ఒకడికి నిజంగానే ఏదో తగిలింది. అంతే, వారం పాటు తెల్లారకముందే ఆమె గుమ్మం ముందు జనం. ఆఖరికి ఆమె బయటికొచ్చి, “ప్రాబబిలిటీ పాఠం నేను సరిగ్గా చెప్పనందుకు ఇది నాకు శిక్ష” అని అందరినీ అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు ఆ పాఠం చెప్పారు. మర్నాటి నుంచి ఒక్కడు రాలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

నేను తొలిచూలుతో ఉన్న రోజులు. మాది కిరాణా అంగడి. వెనకాల లోపలి గది మాది, మా ఆయనా నేనూ పడుకునేది అక్కడే. ఒక మధ్యాహ్నం మిస్ రాగిపిండికి వచ్చారు. బుట్టలో డబ్బా ఆపడం మరిచిపోయినట్టున్నారు, టిక్కుమంటూనే ఉంది. నేను లోపలి గదిలో ఉన్నానని తెలిసి పలకరించడానికి అటు రెండడుగులు వేశారు. డబ్బా గొంతు మారిపోయింది. చినుకులు కాస్తా జల్లయినట్టు టిక్కులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అంతలో బయట టేకల్ బస్సు హారను కొట్టింది. మేనకోడలి పెళ్ళికి పోవాలి, ఆ బస్సు తప్పితే ఇంకోటి లేదు.

“శెట్టిగారూ, మీ లోపలి రూములో ఏదో ఉండాది! వచ్చి చూస్తా!” అని మా మామతో ఒక కేక వేసి బస్సెక్కేశారు.

మా మామ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. కేజీఎఫ్‌లో ఒక మిషను టిక్కుటిక్కుమని, ఇంట్లో ఏదో ఉందంటే దానికి అర్థం ఒక్కటే, నేల కింద బంగారం. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది, ఫలానా వాళ్ళ తాత దొడ్లో గుంత తవ్వుతుంటే పసుపుపచ్చ గీత కనపడిందనీ, చెప్పకుండా ఊరు వదిలి పోయాడనీ. మా మామ షట్టరు దించేశాడు. పార తెచ్చాడు. మా ఆయన డిగ్రీ చదివాడు, మిస్ దగ్గర ఫిజిక్స్ కూడా చదివాడు. “అది గైగర్ కౌంటర్ నాయనా, బంగారానికి కాదు” అని ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. మూడోసారి గడ్డపార అతని చేతిలోనే ఉంది. రక్తంలో ఉన్న ఊరు ఊరుకుంటుందా?

మంచం జరిపి, పరిచిన బండలు లేపి తవ్వడం మొదలుపెట్టారు. నేను గోడవార ఉన్న పాత రేకుపెట్టె మీద కూర్చుని వాళ్ళకు నీళ్ళందించాను. ఆ పెట్టె నాకు ఎత్తు సరిపోయేది, నడుము నొప్పి లేకుండా కూర్చోవచ్చు, ఆ నెలల్లో నా సింహాసనం అదే. ఒక పగిలిన గాజు, ఒక గోలీసోడా గోలీ, ఒక ఎలుక కన్నం బయటపడ్డాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మావాళ్ళకు ఎలుక కూడా దొరకలేదు.

పెళ్ళి ముగించుకుని మిస్ తిరిగొచ్చి ఆ గుంత చూశారు. చేతిలో పెళ్ళివారి లడ్డూ పొట్లం ఉంది. అది కింద పెట్టి, చీర కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని ఒకటే నవ్వు.

“శెట్టిగారూ, ఏంది ఇది? నూతి కోసమా?”

“మీరే కదా చెప్పినారు మిస్, ఏదో ఉండాదని! ఇంగెంత లోతుకు పోవల్లో ఒకసారి ఆ మిషను పెట్టి చూడండి” అన్నాడు మా మామ, ఒళ్ళంతా మట్టితో.

“ఇది బంగారం చూపించే మిషను కాదప్పా. రేడియేషన్ చూపిస్తాది.”

ఆ మాట అనగానే మా అత్త చేతిలోని చెంబు కిందపడింది.

మా అత్తకు రేడియేషన్ అంటే ఒకటే తెలుసు. ఆమె అక్కకు జబ్బు చేసి బెంగుళూరు ఆసుపత్రిలో రేడియేషన్ పెట్టారు. జుట్టు ఊడిపోయి, మనిషి చిక్కిపోయి, ఆరు నెలలు తిరక్కుండా పోయింది. అదే మాట ఇప్పుడు కడుపుతో ఉన్న కోడలి మంచం పక్కన వినపడింది. బంగారం మాట అంగడి దాటలేదు కానీ, ఈ మాట సాయంత్రానికి బజారంతా పాకింది. చుట్టపావిడ ఒకామె వచ్చి, నా ముందే, “ఇట్లాంటి బిడ్డను ఉంచుకునేది మంచిది కాదు, ఇప్పుడే చూపించేస్తే మేలు” అంది. చూపించడమంటే ఏమిటో నాకు అర్థమయింది. మా అత్త గోడకేసి తిరిగి పడుకుంది. నేను కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. అప్పటికి బిడ్డ కదలడం మొదలై కొద్ది రోజులే అయింది. ఆ రోజు కదిలిందో లేదో కూడా నాకు తెలియలేదు, అంత భయపడ్డాను.

మిస్ మర్నాడు పొద్దున్నే వచ్చారు. మొహంలో నవ్వు లేదు. లోపలికి రాగానే మా అత్త ముందు నేల మీద కూర్చున్నారు.

“నేను చేసింది తప్పు. సగం మాట చెప్పి బస్సెక్కినాను. సగం మాట అబద్ధం కంటే చెడ్డది. మిగిలిన సగం ఈ పొద్దు చెప్పేసే పోతాను. మీరంతా నాతో ఉండల్ల.”

గదిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా వీధిలోకి తెప్పించారు. పనికొచ్చే ప్రతి చెయ్యీ పనిచేసింది. నగల సేట్ కూడా పంచె ఎగ్గట్టి వచ్చాడు. మంచం వచ్చింది, దాని దగ్గర డబ్బా పెట్టారు, మామూలు టిక్కులు. బియ్యం బస్తాలు, దేవుడి పటాలు, రుబ్బురోలు. రుబ్బురోలు దగ్గర కాస్త ఎక్కువ పలికింది. జనం వెనక్కి జరిగారు. “రాయి కదప్పా, రాయి పలుకుతాది. ఇన్నాళ్ళూ దీంట్లో రుబ్బిన దోసెలు తిన్నారు కదా, ఎవురన్నా పోయినారా?” అన్నారు మిస్. జనం నవ్వి ముందుకు జరిగారు. ఒకామె తన మెడలో గొలుసు కొలవమంది. ఒకతను టిఫిను డబ్బా పట్టుకొచ్చాడు. మిస్ విసుక్కోకుండా అన్నీ కొలిచారు. ఏ అంకె చెప్పినా దాని పక్కన ఇంకో అంకె పెట్టి చెప్పారు, బ్యాంకు మెట్లు ఎంత, టేకల్ బండ ఎంత అని. కాసేపటికి జనమే ముందుగా, “బ్యాంకు మెట్లకంటే తక్కువే” అని తీర్పులు చెప్పడం మొదలెట్టారు. అది నా ప్రాణం మీది సంగతి అన్నది మరిచిపోయి నేనూ ఒకసారి నవ్వాను.

ఆఖరున నా సింహాసనం వచ్చింది. రేకుపెట్టెను మా ఆయన గుమ్మం దాటించాడో లేదో డబ్బా గోలపెట్టింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మేం పెట్టె మీద కూర్చుని నేలంతా తవ్వాం.

మూత తీశారు. లోపల పాత కాగితప్పొట్లాలు, వాటిలో చిన్నచిన్న తెల్లటి గుడ్డ సంచులు. మా మామ నాన్నగారి కాలంలో పెళ్ళి ఊరేగింపులకు గ్యాసులైట్లు బాడుగకిచ్చేవారట. లైటులో మంట చుట్టూ కట్టే వల సంచులు అవి, మ్యాంటిల్ అంటారు. లైట్లు ఎప్పుడో పోయాయి, మ్యాంటిళ్ళు మాత్రం ఎందుకైనా పనికొస్తాయని దాచారు. మా ఇంట్లో దేన్నీ పారేయరు. పాతకాలం మ్యాంటిళ్ళు బాగా వెలగాలని వాటికి థోరియం అనే పదార్థం పట్టించేవారని, టిక్కులన్నీ దానివేననీ మిస్ చెప్పారు.

“ఇంగ చూడండి” అని పెట్టెను వీధి మధ్యలో వదిలి, డబ్బా పట్టుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టారు. ఒక్కో అడుక్కీ టిక్కులు పలచబడ్డాయి. మా అంగడి గుమ్మం చేరేసరికి ఎప్పటి టిక్కులే. వీధి వీధంతా ఆ పలచబడటాన్ని విన్నది.

“దూరం. అంతే మందు. పెట్టె మూత మూసి ఉండింది, ఈ పిల్ల దానిమీద కూచున్నందుకు తగిలింది చాలా కొంచెం. దానికే బిడ్డకు ఏమీ కాదు. ఇంగ దానిమీద కూచోవద్దు, ఆ పొట్లాలు విప్పి దుమ్ము పీల్చొద్దు. మిగిలింది డాక్టరు నోట వినండి, నా నోట వద్దు.”

ఊళ్ళో ఆసుపత్రిలో ఆమె శిష్యురాలే డాక్టరుగా ఉంది. ఆ రోజే మమ్మల్ని అక్కడికి తీసుకుపోయారు. డాక్టరు కూడా అదే మాట చెప్పింది, మిస్ ముందు చేతులు కట్టుకుని. పెట్టెను ఇలాంటివి జాగ్రత్తచేసే చోటికి చేర్పించే పని కూడా మిస్సే చూసుకున్నారు.

కానీ డాక్టరు చెప్పినంత మాత్రాన మా అత్త భయం పోతుందా? ఇంటికొచ్చాక మిస్ చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకుండా అడిగింది. “అన్నీ కొలిచినారు. నా కోడలిని కొలవలేదే?”

మిస్ నా వైపు చూశారు. నేను తలూపాను. డబ్బా నా కడుపుకు ఆనించి పట్టుకున్నారు. టిక్. టిక్. మళ్ళీ చాలాసేపటికి టిక్.

“మా ఇంటిముందు ఎంతో ఇక్కడా అంతేనమ్మా” అన్నారు మిస్. “ఈమాత్రం టిక్కు లేని చోటు భూమ్మీద లేదు. నీ కడుపులో నీ కొడుకు ఉన్నప్పుడూ ఇంతే. మీ అమ్మ కడుపులో నువ్వు ఉన్నప్పుడూ ఇంతే.”

మా అత్త లేచి పొయ్యి వెలిగించింది. ముందురోజు చెంబు కిందపడ్డప్పటి నుంచి ఆ ఇంట్లో అదే మొదటి వంట. మిస్ వద్దన్నా వదల్లేదు, రాగిముద్ద, ఉలవచారు వేసి కూర్చోబెట్టింది. నేను తిన్న తిండి ఎంతో చెప్తే దిష్టి తగులుతుంది.

కూతురు పుట్టింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. నోరు తప్ప అన్నీ సరిగ్గా ఉన్నాయి. తొట్లె వేసిన రోజున మా అత్త గుడికంటే ముందు బిడ్డను గుండెకు హత్తుకుని కోరమండల్‌కు నడిచింది. “కొలవండి” అని మిస్ ఒళ్ళో పడుకోబెట్టింది. మిస్ కొలిచారు, అంకె చెప్పారు. మా అత్త ఆ అంకెను దారిపొడవునా కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేదేమో. ఆగలేదు. బజారులో పుట్టిన ప్రతి బిడ్డనూ మిస్ దగ్గరకు తీసుకుపోయే వాడుక మొదలయింది. మొదట మా వీధి, తర్వాత లైన్లు, ఆ తర్వాత ఇక్కడ పుట్టిల్లు ఉండి మాలూరుకో ఇంకెక్కడికో కాపురానికి పోయిన ఆడపిల్లలు. బిడ్డకు నెల నిండగానే ఆకూ అరటిపండూ పట్టుకుని వచ్చేవాళ్ళు. మిస్ అరటిపండు తినేసి, “దీంట్లో కూడా కొంచెం ఉండాది, నా డబ్బాకు అందనంత” అని చెప్పి, బిడ్డను ఒళ్ళోకి తీసుకునేవారు. ఆమెతో పనిచేసిన లెక్కల మిస్ ఒకసారి దెప్పారు, “ఏం మిస్, మీరు కూడా దిష్టి తీసేదానికి దిగినారా?” అని.

“తల్లి భయంతో వస్తాది, భయం లేకుండా పోతాది. నడుమ నేను ఒక్క అబద్ధం చెప్పలేదు. పైగా సుమ్మనే, ఊరికేనే నా ఒళ్ళోకి ఒక బిడ్డ వస్తాది. నాకు నష్టమేంది చెప్పు?”

ఆమె ఒళ్ళో ఎంతమంది పిల్లలు ఉచ్చ పోశారో లెక్కలేదు. ఆ ఒక్క లెక్కా ఆమె రాసుకోలేదు.

ఆఖరి ఏళ్ళలో మోకాళ్ళు పట్టేసి నడక తగ్గింది. అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళను “ఎవురప్పా అది, బస్టాండు దాకా పోతే ఈ డబ్బా తీసుకపోయి అంకె చూసుకోని రా” అని పంపేవారు. ఆటోవాళ్ళు, పోస్టుమాన్, చీటీల ఆయన, అందరూ ఆమెకు అంకెలు మోశారు. తప్పు చెప్తే ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. “నువ్వు బస్టాండుకు పోలేదు, బ్యాంకు మెట్ల మీద కూచోని వచ్చినావు” అనేవారు. నిజమే అయ్యుండేది.

ఆమె పోయిన రోజు ఇంటి ముందు షామియానా కట్టారు. ఆమె దగ్గర చదివినవాళ్ళే అన్ని పనులూ మోసుకున్నారు. పడుకోబెట్టిన మిస్ మొహం ప్రశాంతంగా ఉంది, వైరు బుట్ట మాత్రం తలుపు పక్కన మేకుకు ఎప్పటిలాగే వేలాడుతోంది. పాడె ఎత్తే వేళయింది. నలుగురు శిష్యులు వంగి చేతులు వేశారు. అప్పుడే వీధి మలుపులో ఒక అమ్మాయి కనపడింది. మాలూరు నుంచి రైల్లో వచ్చిందట, కబురు తెలియదు. ఒక చేత్తో గుండెకు హత్తుకున్న నెల నిండిన బిడ్డ, రెండో చేతిలో ఆకూ అరటిపండూ. షామియానా చూసి అక్కడే ఆగిపోయింది. చావింటికి పసిబిడ్డను తేకూడదు. బిడ్డ మొహం మీద కొంగు కప్పేసి గిరుక్కున వెనక్కి తిరిగింది.

“ఏమ్మా, నిలబడు!” అంది మా అత్త.

మా ఇంట్లో మైల, అంటు అన్న మాట మొదట వచ్చేది మా అత్త నోటి నుంచే. చావింటి గాలి తగిలిందని నన్ను తలస్నానం చేయకుండా అంగట్లోకి రానివ్వని మనిషి. ఆమె లేచి, మేకుకున్న బుట్టలోంచి డబ్బా తీసుకుని, వీధిలోకి నడిచి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడింది. మీట నొక్కింది. ఇన్నేళ్ళుగా చూస్తోంది కదా, నడుమెత్తున, మిస్ పట్టుకున్నట్టే పట్టుకుంది. కళ్ళు కూడా మూసుకుంది.

టిక్.

షామియానాలో ఏడుపులు ఆగాయి. వంగిన నలుగురూ చేతులు తీయలేదు, పాడె ఎత్తనూలేదు. లెక్క పూర్తి కావాలని వాళ్ళకు తెలుసు. ఆమె నేర్పిందే. అలాగే వంగి ఆగారు. మిస్ కూడా ఆగారు. టిక్. టిక్. మొహం మీది కొంగు జారి, బిడ్డ ఆ చప్పుడు ఎక్కడిదా అన్నట్టు తల తిప్పింది.

మా అత్త డబ్బా నాకిచ్చింది. “నాకు చదవను రాదు. నువ్వు చదువు. ఉండేదే చెప్పల్ల.”

నేను చదివాను. గట్టిగానే, షామియానా చివరి దాకా వినపడేలా.

“బాగుండాది” అంది మా అత్త ఆ అమ్మాయితో. బిడ్డ తల నిమిరి, వెనక్కి తిరిగి, కళ్ళు తుడుచుకోకుండానే ఆ నలుగురినీ చూసింది.

“ఇంగ ఎత్తండప్పా.”